నాలుగు ఆయిల్ చుక్కలు

4 సెప్టెంబర్ 2025, గురువారం

ఈ పేజీ మూలకున్న మరక చాయ్‌ది కాదు. కారు గేర్‌బాక్స్ ఆయిల్. గేజు బయటికి లాగి ఒక చుక్క ఇక్కడ పడేసి, పక్కన తేదీ వేశాను. కాజీపేట డీజిల్ షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు చేసిన పనే ఇది. అక్కడ ఇంజన్ ఆయిల్ చుక్కను తెల్ల కాగితం మీద ఆరనిచ్చి, అది పరుచుకున్న తీరూ రంగూ చూసి, ఉంచాలా పారబోయాలా చెప్పేవాళ్ళం. రిటైరై ఏడేళ్ళయినా అలవాటు పోలేదు.

ఈ ఆయిల్ డబ్బాలో నుంచి వచ్చినప్పుడు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. నా చుక్క కాఫీ పొడి రంగులో ఉంది. అంటే దాని పని అయిపోయింది.

పొద్దున పరకాల వెళ్తుంటే ఫాతిమానగర్ బ్రిడ్జి మీద బండి ఒక్క ఎగురు ఎగిరింది, వెనక నుంచి ఎవరో తన్నినట్టు. గూడెప్పాడ్ క్రాస్ దగ్గర మళ్ళీ. పదహారేళ్ళ బండి. ఆటోమేటిక్, క్లచ్ ఉండదు. షెడ్డు గుంతలో పడ్డప్పటి నుంచి నా ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వదు, బస్సు మెట్లెక్కనివ్వదు. అందుకే ఏరికోరి ఈ బండిని కొన్నాను. దీని గేర్‌బాక్స్ పోతే విప్పి బాగుచేసేవాడు వరంగల్‌లో లేడు, తూకానికి ఇవ్వాల్సిందే. అప్పుడు గురువారాలు కూడా పోతాయి. పరకాలలో మా ఆపా, అమ్మ పోయాక నన్ను పెంచిన అక్క, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో ప్రతి గురువారం బగారన్నం, దాల్చా వండిపెట్టి, వాకిట్లో కుర్చీ వేసుకుని నా బండి చప్పుడు కోసం చూస్తుంది. ఆ కుర్చీ ఖాళీగా ఉండటం, లేదా దాంట్లో ఆపా ఊరికే కూర్చుని ఉండటం, రెండూ నేను ఊహించలేను.

అనీస్ దారంతా మాట్లాడుతూనే ఉంది. అదిగో లారీ, ఇదిగో బర్రెలు, సిగ్నల్ పడింది, స్కూలు పిల్లలు దాటుతున్నారు. నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఈవిడ ఇంత మాటకారి అని నాకు తెలియదు. టీచర్ ఉద్యోగం అయిపోయి పాఠాలు చెప్పడానికి బడిపిల్లలు లేక నా మీద పడింది పాపం. నేను ఎటు బయలుదేరినా నేనూ వస్తానని ముందే చెప్పులేసుకుంటోంది. తోడు బాగానే ఉంటుంది. చెవులే నొస్తాయి.

5 సెప్టెంబర్, శుక్రవారం

వెంకట్రాజం దగ్గరికి వెళ్ళాను. నా స్కూటర్ రోజుల నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా మెకానిక్ అంటే నాకు వెంకట్రాజమే. బండి తీసుకుని బ్రిడ్జి మీద రెండు చక్కర్లు కొట్టివచ్చాడు. ఎగరలేదట. వాడి చేతిలో ఎందుకు ఎగురుతుంది? డాక్టర్ ముందుకెళ్తే దగ్గు ఆగినట్టు, మెకానిక్ కూర్చుంటే బండి బుద్ధిగా నడుస్తుంది.

ఆయిల్ మార్చమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

“భాయ్‌సాబ్, పదహారేండ్లల్ల ఎవ్వలు మార్చలే దీన్ని. లోపటి ప్లేట్లు అరిగిన పొడి అంత ఆ ఆయిల్లనే తిరుగుతాంది. ఆ పొడితోనే ప్లేట్లు జారకుంట పట్టుకుంటానయ్. కొత్తది పోస్తె కడిగినట్టయితది. రేపటిసంది గేర్ పట్టకపోతె మీరు నన్నంటరు. నడుస్తాంది కద, నడవనియ్యండ్రి.”

ఈ మాట నేను ఇంటర్నెట్లోనూ చదివాను. సగంమంది మార్చమంటారు, సగంమంది ముట్టొద్దంటారు. నేను మాత్రం ఆయిల్ మార్చక పాడైన ఇంజన్లను చూశాను గానీ మార్చినందుకు పాడైన ఇంజన్ను ఒక్కటీ చూడలేదు. అదే చెప్పాను. రైలింజన్ వేరు, ఇది వేరు అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను. వాడి దుకాణం పక్కన చాయ్ బాగుంటుంది.

7 సెప్టెంబర్

సికింద్రాబాద్ నుంచి అర్షద్ ఫోన్. బండి అమ్మేయండి అబ్బా అంటాడు. కొడుకు నోటికి ఈ మాట ఎవరు అందించారో నాకు తెలుసు. అనీస్ వంటింట్లో చప్పుడు లేకుండా పప్పు కడుగుతోంది.

మొన్న గేటు స్తంభానికి బండి అద్దం తగిలిన సంగతి కూడా చేరేసింది. స్తంభం కట్టినప్పుడే మేస్త్రీ రోడ్డు మీదికి జరిపి కట్టాడని ఎన్నిసార్లు చెప్పాను!

కళ్ళు చూపించుకోమని కూడా అన్నాడు. చూపించుకునేంతగా ఏమీ లేదు. పేపర్ చదువుతున్నాను, డైరీ రాస్తున్నాను. నడుస్తున్నదాన్ని కదిలించొద్దు.

11 సెప్టెంబర్, గురువారం

పరకాల. దాల్చాలో సొరకాయ. ఆపా నా చెయ్యి పట్టుకుని, నువ్వు వచ్చావంటేనే నాకు వారం తిరిగినట్టు అంది. తినేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు, అంత బాగుంది.

పోనూ రానూ మూడు ఎగుర్లు. బ్రిడ్జి దగ్గర ఖాయంగా ఒకటి. పొద్దుటి ఎండ సూటిగా కళ్ళలో పడే చోట బండి ఇబ్బంది పెడుతోంది. ఇంజన్ వేడికీ ఎండకూ ఏదో సంబంధం ఉండాలి. ఆలోచించాలి.

ఆయిల్ మార్చాల్సిందే. ఆపా కోసమైనా మార్చాల్సిందే.

12 సెప్టెంబర్

వెంకట్రాజం ఒప్పుకున్నాడు! ఒప్పుకున్నాడనడం కంటే నా పోరు పడలేకపోయాడనడం సబబు.

షరతులు వాడివి. మిషన్ పెట్టి కడగడం ఉండదు. కింది బోల్టు విప్పితే ఎంత కారుతుందో కొలిచి, కొత్తది సరిగ్గా అంతే పోస్తాడు. ఒక్కసారికి సగం కూడా దిగదు కాబట్టి వారానికోసారి చొప్పున మూడు శుక్రవారాలు. పాతది మెల్లగా పోయి కొత్తది మెల్లగా వస్తుంది, గేర్‌బాక్స్‌కు తెలియకుండా. ఈ పద్ధతి నాకు నచ్చింది. వెంకట్రాజం బుర్రున్నవాడే.

19 సెప్టెంబర్, శుక్రవారం

జుమ్మాకు ముందు బండి వదిలి, నమాజు చేసుకుని వెళ్ళేసరికి మొదటి విడత అయిపోయింది. రెండో చుక్క ఇదిగో. పెద్ద తేడా లేదు. సగమే కదా.

26 సెప్టెంబర్, శుక్రవారం

రెండో విడత. మూడో చుక్క. తేడా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నిన్న పరకాల దారిలో ఎగుర్లు రెండే. పనిచేస్తోంది.

1 అక్టోబర్

నిన్న సద్దుల బతుకమ్మ. మా వీధి ఆడవాళ్ళు గేటు ముందు నుంచే వెళ్ళారు. ఈ ఏడు వానలు ఎక్కువై పూలు చెడిపోయినట్టున్నాయి. గునుగు పూలకు రంగు కూడా సరిగ్గా ఎక్కలేదు, అన్నీ మట్టికొట్టుకుపోయినట్టు ఉన్నాయి. అనీస్‌తో అంటే నా మొహంలోకి చాలాసేపు చూసి, లోపలికెళ్ళి మలీద ముద్దలు తెచ్చిపెట్టింది. పక్కింటివాళ్ళు పంపారట. నెయ్యి దండిగా వేశారు.

3 అక్టోబర్, శుక్రవారం

మూడో విడత. నాలుగో చుక్క.

నాలుగోదీ మొదటిదీ ఒక్కటే రంగు!

దీపం కింద పెట్టి చూశాను, కిటికీ దగ్గర చూశాను, అద్దాలు తుడుచుకుని చూశాను. అదే కాఫీ పొడి. మూడుసార్లు మార్చిన ఆయిల్ ఇలా ఉండదు. ఉండకూడదు. మూడు వారాలూ నేను మసీదులో ఉన్న సమయంలోనే పని జరిగింది. నేను లేని సమయంలో.

4 అక్టోబర్

బండి తీసుకెళ్ళి, తాళంచెవి మామూలుగా మొలకు తగిలించి, వాడి మొహం మీదే అడిగేశాను. ఆయిల్ మార్చావా, పాతదే మళ్ళీ పోశావా అని. ఖాళీ డబ్బాలు చూపించాడు. ఖాళీ డబ్బాలు ఎక్కడైనా దొరుకుతాయన్నాను. దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. ఉండనీ.

వెంకట్రాజం చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఇరవై రెండేండ్లాయె భాయ్‌సాబ్. తాళంచెవి గాడ మొలకున్నది. తీసుకపోండ్రి.”

తీసుకుని వచ్చేశాను. చాయ్ తాగలేదు.

దొంగ. వెంకట్రాజం దొంగ. ఇక్కడ పెద్దక్షరాలతో రాసిపెడుతున్నాను.

6 అక్టోబర్

అనీస్ పేజీలు అడిగి నాలుగు చుక్కలనూ చూసింది. ఇవి ఒక్కటెట్లయితయ్ అంది. గేర్‌బాక్స్ ఆయిల్ గురించి నీకేం తెలుసన్నాను. ఎరుపు తెలుసు కద అంది.

అన్నం తినేటప్పుడు మాట్లాడుకోలేదు. ఈసారి అన్నం బాగుండి కాదు.

సరే, రంగుల మనిషినే అడుగుదాం. కొత్తవాడ వెళ్తాను. నాతో చదువుకున్న పర్శరాములు అక్కడ యాభై ఏళ్ళుగా జంపఖానాల నూలుకు అద్దకం చేస్తున్నాడు. వాడి మాట అనీస్ కూడా కాదనలేదు.

8 అక్టోబర్, బుధవారం

వరుసగా రాయాలి. చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

అనీస్ కూడా వచ్చింది, మామూలుగానే. పర్శరాములు ఇంటి వాకిట్లో వెదురుబొంగుల మీద నూలు చిలుపలు ఆరుతున్నాయి. డైరీ చేతికిచ్చి, మొదటి చుక్కనూ నాలుగో చుక్కనూ చూసి చెప్పరా అన్నాను. ఎండలోకి పట్టుకెళ్ళి తలవంచి చూశాడు. మొదటిది ఇటుకపొడి, చివరిది పండుమిరపకాయ అన్నాడు. రెండింటినీ ఒక జంపఖానాలో పక్కపక్కన వేస్తే కొన్నవాడు తిరిగి తెచ్చి మొహాన కొడతాడట.

నేను వెంకట్రాజంతో ఎందుకు గొడవపడ్డానో చెప్పాను. పర్శరాములు లోపలికి వెళ్ళి ఒక చిలుప తెచ్చి నా చేతిలో పెట్టాడు. మంచి మెత్తటి నూలు. ఇదెట్లుందిరా అన్నాడు. పసుపు పలచగా ముంచావు, ఇంకో మునక వేయాల్సిందన్నాను.

“నయీమూ, అది ఇంక రంగుల ముంచలేదుర. తెల్ల నూలు అది.”

అబద్ధమాడుతున్నాడనుకున్నాను. అనీస్ వైపు చూశాను. నా భార్య ఏడుస్తోంది. దుపట్టా కొంగు నోట్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా. ఆ చిలుపను ఆమె తెల్ల దుపట్టా పక్కన పెట్టి చూశాను. దుపట్టా కూడా పసుపే.

“ఆయిల్ మంచిగనే మార్చిండు ఆ పిలగాడు. నువ్వు కన్ను చూపిచ్చుకో, ఆలిశం చెయ్యకు” అన్నాడు పర్శరాములు.

కారు వాళ్ళ ఇంటి ముందే వదిలేసి ఆటోలో వచ్చాం. ఆటోలో అనీస్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

9 అక్టోబర్, గురువారం

పరకాల వెళ్ళలేదు. బండి రిపేరు అని ఆపాకు చెప్పాను.

11 అక్టోబర్

సుబేదారిలో కళ్ళ డాక్టరమ్మ. రెండు కళ్ళలోనూ శుక్లం. కుడిది బాగా ముదిరింది. అన్నీ పాత గోధుమరంగు అద్దంలోంచి చూస్తున్నట్టు కనబడతాయట, మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదట. ఎండ సూటిగా పడితే ముందున్నది తెల్లగా అలుక్కుపోతుందట.

మీరు బండి నడుపుతున్నారా అని అడిగింది. ఆటోమేటిక్కే డాక్టర్ అన్నాను. ఆమె కలం కింద పెట్టి అనీస్ వైపు చూసింది. అనీస్ తల వంచుకుంది.

లోపలి కటకం తీసేసి కొత్తది పెడతారు. నాకు భయం వేసింది. దాచుకోవడానికి ఏముంది, ఈ డైరీ నాదే. బయటికొచ్చాక అనీస్‌తో, అరవై ఏడేళ్ళు నడిచిన కన్ను, ముట్టుకుంటే ఉన్నది కూడా పోతే ఎట్లా, నడిచినన్నాళ్ళు నడవనిద్దాం అన్నాను.

“అజీ, అయన్నీ వెంకట్రాజం మాటలు. బండికైతె ఆ మాట వినకుంట మూడుసార్లు మార్పిచ్చిన్రు. మీరు బండికన్న కమ్మినా?”

కన్నుకు కూడా మూడు విడతలుగా చేయరా అని అడుగుదామనుకున్నాను. నవ్వొచ్చి ఊరుకున్నాను. ఆపరేషన్ నవంబర్ 5న.

13 అక్టోబర్

వెంకట్రాజం దగ్గరికి వెళ్ళాలి. రేపు.

14 అక్టోబర్

వాన. రేపు.

15 అక్టోబర్

మోకాలు నొప్పి. వాడికి కూడా పని ఎక్కువగా ఉండే రోజు. రేపు.

18 అక్టోబర్

వాళ్ళ దీపావళి పండగ దగ్గరపడింది. పండగ ముందు ఇలాంటివి మాట్లాడటం బాగుండదు. పండగయ్యాక.

24 అక్టోబర్, శుక్రవారం

జుమ్మా నుంచి నేరుగా ఆటో ఎక్కి వెళ్ళాను. అనీస్ చెప్పినందుకు కాదు. ఖుత్బా ప్రసంగం వింటూ ఒక్క ముక్క కూడా చెవికెక్కక, అంతసేపూ మొలకున్న ఆ తాళంచెవే కళ్ళ ముందు ఆడినందుకు.

దుకాణంలో గిరాకీలు ఉన్నారు. ఆ రోజు నలుగురి ముందు అన్నాను కాబట్టి ఇవాళా నలుగురి ముందే చెప్పాలని వాళ్ళు వెళ్ళిపోకముందే చెప్పాను.

“వెంకట్రాజం, నువ్వు ఆయిల్ మార్చినవ్. నాకు కన్ను కనబడక నిన్ను దొంగన్న. తప్పు నాది. మాఫ్ చెయ్యి.”

వాడు బండి కింద ఉన్నాడు. కాసేపు బయటికి రాలేదు. ఏడుస్తున్నాడో నట్టు బిగిస్తున్నాడో తెలియదు. వచ్చాక బీరువా వెనక నుంచి మూడు నీళ్ళ సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. నా బండిలోంచి దింపిన పాత ఆయిల్. ఒక్కోదాని మీద తేదీ అంటించి ఉంది. ఎప్పుడైనా అడుగుతానని దాచిపెట్టాడట. మరి ఆ రోజే ఎందుకు చూపించలేదన్నాను. మీరు అడిగింది ఆయిల్ గురించా, నా గురించా అన్నాడు.

చాయ్ చెప్పాడు. సగం తాగాక అసలు సంగతి చెప్పాడు. మొదటి రోజు బ్రిడ్జి మీద తిప్పినప్పుడే వాడికి తెలుసట. బండిలో దోషం లేదు. నేనే ఠక్కున ఆక్సిలేటర్ వదిలి, మళ్ళీ ఒక్కసారిగా తొక్కుతున్నాను; ఎందుకో మాత్రం ఇవాళ నా కన్ను సంగతి విన్నాక తెలిసిందట, ఎండ పడితే నాకు ముందేమీ కనబడదు. గేర్ కిందికీ పైకీ తన్నుకుంటోంది. ఎగురుడు నా కాలిది. షెడ్డులో అంత పెద్ద పని చేసినాయనకు మీకు నడపడం రావడం లేదని ఎట్లా చెప్పాలని చెప్పలేకపోయాడు. ఆయిల్ మారిస్తే కనీసం నా మనసు కుదుటపడుతుందని ఒప్పుకున్నాడు.

మరి గేర్‌బాక్స్‌కు ఏమీ కాదా అని అడిగాను. మూడుసార్లు పోసినా జారలేదు, ఇంక జారదు అన్నాడు. అంటే ఆయిల్ మార్చడంలో నాదే రైటు. ఈ మాట వాడితో అనలేదు. ఇక్కడ మాత్రం రాసుకుంటాను.

రెండో చాయ్ కూడా తాగాను.

5 నవంబర్

పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. బిస్మిల్లా.

6 నవంబర్

రాయొద్దన్నరు డాక్టరమ్మ. ఈయన మంచిగనే ఉన్నరు. ఊరికే లేస్తాండ్రు. అనీస్ రాసింది.

14 నవంబర్

పైన ఆమె చేతిరాత చూసి గుండె ఆగినంత పనైంది. నా డైరీ తెరిచిందన్నమాట. చదివావా అని అడిగితే, ఖాళీ పేజీ దొరికేదాక తిప్పిన అంతే అంది. ఖాళీ పేజీ దొరకాలంటే మొత్తం తిప్పాలి కదా. మళ్ళీ అడగలేదు.

అర్షద్ వచ్చి రెండ్రోజులుండి వెళ్ళాడు. బండి అమ్మే మాట తేలేదు. నేనూ తేలేదు.

21 నవంబర్, శుక్రవారం

ఇవాళ కిటికీ దగ్గర కూర్చుని డైరీ మొదటి నుంచి చూశాను. నల్ల అద్దాలు తీసి, కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. నాలుగు చుక్కలు, నాలుగూ కాఫీ పొడి. తరవాత ఎడమది మూసుకుని కుడి కంటితో చూశాను.

మొదటిది ఇటుకపొడి. రెండోది కొంచెం తేటపడింది. మూడోది ఇంకొంచెం. నాలుగోది ఎరుపు, నెలన్నర గడిచి ఆరిపోయినా ఎరుపే. వాడు సగం సగం చేసుకుంటూ తెచ్చిన పని మొత్తం మెట్లు మెట్లుగా కనబడుతోంది. అంత శుభ్రమైన పని చూసి ఆనందం వేసింది, ఆ వెంటనే సిగ్గు వేసింది.

ఇంకోటి కూడా కనబడింది. నా రాత. పేపర్ చదువుతున్నాను, డైరీ రాస్తున్నాను అని రాసుకున్న ఆ పేజీలోనే అక్షరాలు గీత దాటి కిందికి జారి, పక్క లైను మీద ఎక్కి తొక్కుకుంటున్నాయి. రెండు నెలలు అట్లాగే రాశాను. అక్టోబర్ నాలుగున పెద్దక్షరాలతో రాసిన మాట ఒక్కటే స్పష్టంగా ఉంది. చింపేద్దామనుకున్నాను. వద్దు, ఉండనీ. దాంట్లో వెంకట్రాజం పేరు కొట్టేసి పక్కన నా పేరు రాశాను.

5 డిసెంబర్, శుక్రవారం

కుడి కంటికి కొత్త అద్దాలు వచ్చాయి. పగటిపూట నడుపుకోవచ్చంది డాక్టరమ్మ. ఎడమది జనవరిలో. ఈసారి తారీఖు నేనే అడిగి తీసుకున్నాను.

కొత్తవాడ నుంచి బండి వెంకట్రాజమే తోలుకొచ్చాడు. పక్కన కూర్చుని నాతో బ్రిడ్జి మీద మూడు చక్కర్లు కొట్టించాడు. పొద్దుటి ఎండే, సూటిగానే ఉంది. ఒక్క ఎగురు లేదు. ఆయిల్ బాగా పనిచేస్తాంది భాయ్‌సాబ్ అన్నాడు. నవ్వకుండా అన్నాడు చూడు, అదీ మర్యాద.

11 డిసెంబర్, గురువారం

పరకాల! ఎన్ని వారాలకు!

పొద్దున తయారై బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాను. అనీస్ చెప్పులు లేకుండా గుమ్మంలోకి వచ్చి, మీరు పోయిరండి, ఇంట్లో పని ఉంది అంది. ఏడాదిన్నరలో ఈ మాట వినడం ఇదే మొదలు. మసీదు వాకిలికీ వెంకట్రాజం దుకాణానికీ తప్ప ఈ బండిలో నేను ఒక్కడినే ఎక్కడికీ వెళ్ళలేదు. సరే అని బయలుదేరాను. స్తంభం ఉండాల్సిన చోటే ఉంది.

వీధి చివరిదాకా వెళ్ళాను. బండిలో ఎంత నిశ్శబ్దం! రెండో గేర్ నుంచి మూడుకు మారడం కూడా వినబడుతోంది. సందు మొదట్లో బర్రె ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని చూసి బ్రేకు వేశాక, బర్రె అన్న మాట కోసం నా చెవి ఎదురుచూసింది.

అప్పుడు తెలిసింది. అదిగో లారీ, ఇదిగో బర్రెలు, సిగ్నల్ పడింది, స్కూలు పిల్లలు. ఏడాదిన్నర. నేను వద్దంటే వినని మొండివాడినని తెలిసి, తాళంచెవి లాక్కుంటే ఆపా కుర్చీ ఏమవుతుందో తెలిసి, చెప్పులేసుకుని వచ్చి పక్కన కూర్చుంది. నాకు తెలియకుండా నా కన్నయింది. అరవై దాటిన మనిషి, ఎంత భయపడుతూ కూర్చుందో! నేనేమో చెవులు నొస్తున్నాయని రాసుకున్నాను. ఖాళీ పేజీ కోసం తిప్పినప్పుడు ఆ లైను చూసే ఉంటుంది.

బండి వెనక్కి తిప్పి గేటు ముందు హారన్ కొట్టాను. పని ఏమీ లేదు, మెట్ల మీదే కూర్చుని ఉంది.

“ఇంకెందుకు జీ నేను? మీకు కనబడ్తాంది కద” అంది.

“కనబడ్తాంది. అందుకే రమ్మంటాన.”

చెప్పులేసుకోవడానికి లోపలికి వెళ్ళింది. చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చేసరికి ఎర్ర దుపట్టా వేసుకుని ఉంది. అది ఎరుపని నేనే అన్నాను. కొత్తది కాదు, మూడేళ్ళ కిందటిదే అంది.

దారంతా ఆమె నోరు విప్పలేదు. సుబేదారి దాటింది, హనుమకొండ దాటింది, ములుగు రోడ్డెక్కాం. చేలల్లో పత్తి విరగబూసి ఉంది. పత్తి అంత తెల్లగా ఉంటుందని మరిచేపోయాను. గూడెప్పాడ్ క్రాస్ దగ్గర ఎదురుగా పత్తి బోరాల లోడుతో ఒక లారీ వస్తోంది. అనీస్ కాళ్ళు బిగబట్టింది. చూపు లారీ మీదే ఉంది. చెప్పకుండా ఉండలేక పెదవి కొరుక్కుంటోంది.

“అగో లారీ” అన్నాను నేను.